గుమ్మడి పాదుకు అవ్వ పెట్టిన కట్టుబాటు

పక్కింటి అవ్వ పోయింది. పోయిన గురువారం పొద్దున నేను పెరట్లో తోటకూర కోస్తుంటే ఆమె మనవడు ప్రహరీగోడ మీదుగా తల పెట్టి, "అక్కా, అవ్వ లేస్తలేదు" అన్నాడు. చేతిలో కూర కట్టతోనే గోడ చుట్టూ తిరిగి వాళ్లింటికి పరుగెత్తాను. అవ్వ చాప మీద కుడిపక్కకు ఒత్తిగిలి, చెయ్యి చెంపకింద పెట్టుకుని ఉంది. ఒళ్లు చల్లబడి చాలాసేపయింది. సాయంత్రం అన్నీ అయిపోయి ఇంటికి వచ్చేటప్పుడు చూస్తే నా తోటకూర కట్ట వాళ్ల గడప పక్కన వాడిపోయి పడి ఉంది. అవ్వ ఉంటే తిట్టేది. కోసిన కూరను ఎండలో వదిలేసే మనిషిని ఆమె మనిషిగా లెక్కపెట్టేది కాదు.

వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట. నిండు వయసు, మంచి చావు, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా పోయింది అని. నాకు ఒళ్లు మండింది. మగవాడు పోతే ఏమేం చేశాడో చెప్పుకుంటారు. ఆడది పోతే ఎవరినీ ఏమీ అడగలేదని చెప్పుకుంటారు. ఎనభై దాటిన మనిషిలో ఇంతమందికి కనిపించిన గొప్ప గుణం, చచ్చిపోయేటప్పుడు కూడా ఎవరికీ పని పెట్టకపోవడం! నిజానికి అవ్వ చాలామందికి పని పెట్టింది. మా ఇంట్లోనే కూర్చున్నవాళ్లను లేపింది. ఆ సంగతి ఎవరూ చెప్పడం లేదు కాబట్టి నేను చెబుతున్నాను.

నేను రాసేవి చదివేవాళ్లకు నా తత్వం తెలుసు. ఇరవై ఏళ్లుగా మూఢనమ్మకాల మీద, ఆడవాళ్ల ఇంటిచాకిరీ మీద రాస్తున్నాను. సభల్లో మాట్లాడుతున్నాను. పనిలో పనిగా చుట్టాలందరితో పోట్లాడి ఉన్నాను. గ్రహణం రోజున కడుపుతో ఉన్న ఇద్దరు స్నేహితురాళ్లను వెంటబెట్టుకుని వీధి అరుగు మీద కూర్చుని పులిహోర తిన్నదాన్ని. అలాంటి నన్ను, అక్షరం ముక్క రాని ఒక అవ్వ ఐదు నెలలపాటు నోరు తెరవనివ్వలేదు. ఆమెతో నా వాదం పదిహేనేళ్లు నడిచింది, తేలలేదు. ఇప్పుడు అవతలి మనిషి లేదు. రెండు వైపులా నేనే మాట్లాడాలి. ఆమె వైపు తగ్గకుండా చూస్తాను.

మా పుట్టిళ్లూ అత్తిళ్లూ తుంగభద్ర కాలువ కింద ఆంధ్రా రైతులు వేసుకున్న క్యాంపుల్లోవి. పెళ్లయ్యాక ఉద్యోగాల కోసం రాయచూరు వచ్చి, ఊరి చివర, యరమరస్ వైపు పోయే దారిలో ఇల్లు తీసుకున్నాం. నాకు బడిలో పంతులమ్మ ఉద్యోగం, మా ఆయన కాలేజీలో పాఠాలు చెబుతాడు. 'మా ఆయన' అని రాయకూడదు, 'నా సహచరుడు' అని రాయాలి. మా వాళ్లంతా అలాగే రాస్తారు. ఆ మాట మీద నాకు ఒకసారి గట్టి అనుమానం వచ్చింది, అది ముందుముందు వస్తుంది. మాతో మా అత్తగారు ఉండేవారు, ఇప్పుడూ ఉన్నారు. గోడకు అవతల అవ్వ.

అవ్వ వాళ్లది రాయచూరు పాత బజారులో కిరాణా దుకాణం నడిపిన కుటుంబం. పుట్టిల్లు గబ్బూరు. ఆమె బేరం కన్నడంలో చేసేది, మేకలను ఉర్దూలో తిట్టేది, మాతో తెలుగు మాట్లాడేది. నడుముకు చిక్కం అని ఒక చిన్న గుడ్డసంచి కట్టుకుని ఉండేది, అందులో ఆకు, వక్క, ఏవో విత్తనాలు కలగలిసి ఉండేవి. ఆకు వేసుకుందామని తీస్తే బెండ గింజలు వచ్చేవి. పొద్దున్నే లేచి మా ఇద్దరి మధ్య గోడ మీద ఏదో ఒకటి పెట్టేది. గుప్పెడు మెంతికూర, రెండు వంకాయలు, ఒక నిమ్మకాయ. తీసుకున్నచోట మనం కూడా ఏదో ఒకటి పెట్టాలి. ఏమీ లేకపోతే కరివేపాకు రెమ్మ అయినా సరే. "గోడ ఖాళీ ఉండొద్దు బిడ్డా" అనేది. ఉత్తగోడ చూస్తే ఆమెకు ఎందుకో మనసొప్పేది కాదు.

నా తోట సంగతి చెప్పాలి. పదహారేళ్ల కిందట నాకు నాలుగో నెలలో కడుపులోని బిడ్డ పోయింది. ఆ తర్వాత చాలా రోజులు ఇంట్లో ఏ పనీ చేతికి రాలేదు. పుస్తకం తెరిస్తే అదే పేజీ. ఒకరోజు అవ్వ గోడ మీద కూర బదులు ఒక పాత పార పెట్టింది. నేను తవ్వడం మొదలుపెట్టాను. నల్లరేగడి నేల, ఎండితే ఇటుక, తడిస్తే బంక. ఆరు నెలల్లో ఆ పెరట్లో గోంగూర, బెండ, బీర, వంగ, చిక్కుడు పందిరి, చివర గోడ వారన గుమ్మడి పాదు. గోంగూరను అవ్వ పుంటికూర అనేది, మా అత్తగారు ఒప్పుకునేవారు కాదు. ఇద్దరూ ఒకే కూరను చెరొక పేరుతో వండి ఒకరి గిన్నె ఒకరికి పంపి, మాదే బావుందని అనుకునేవారు. ఆ తోట నాకు కాలక్షేపం కాదు. దాన్ని పట్టుకుని నేను లేచి నిలబడ్డాను. అందుకే మరుసటి ఏడు మళ్లీ నెల తప్పినప్పుడు, బిడ్డా కావాలి, తోటా కావాలి అనుకున్నాను. రెండింట్లో ఏది వదిలినా మళ్లీ ఆ పాత పేజీ దగ్గరికే పోతానని భయం.

మూడో నెలలో డాక్టరమ్మ చూసి, బరువులు ఎత్తొద్దు, గొంతుకూర్చుని పనులు చెయ్యొద్దు, పోయినసారి పోయింది కాబట్టి ఈసారి మరీ జాగ్రత్త అంది. నేను ఇంటికొచ్చి ఆ మాటలను సభలో తీర్మానం చదివినట్టు చదివాను. మా ఆయన "తప్పకుండా" అన్నాడు. అత్తగారు "అలాగే తల్లీ" అన్నారు.

మర్నాడు నల్లా వచ్చింది. మా వీధిలో నల్లా రోజు విడిచి రోజు, గంటసేపు వచ్చేది. నీళ్లు సన్నగా వస్తాయని దాన్ని ఇంటిముందు మోకాలి లోతు గుంతలో పెట్టారు. పైపు తగిలిస్తే చుక్క కదలదు. గుంతలోకి వంగి, బిందె నింపి, పైకి లాగి, ఇంటి పక్క సందులోంచి పెరట్లోకి మొయ్యాలి. ఇంట్లోకి ఎనిమిది బిందెలు, తోటకు పది. వానాకాలమే, కానీ రాయచూరు వానను నమ్ముకుంటే తోటకూర కూడా మొలవదు. ఆ పొద్దున మా ఆయన పేపరు చదువుకుంటున్నాడు. అత్తగారికి నడుం నొప్పి. నన్ను ఎత్తమని ఎవరూ అనలేదు. ఎవరూ లేవనూ లేదు. సహచరుడు అన్న మాట మీద నాకు అనుమానం వచ్చింది అప్పుడే. నీళ్లు గుంతలో పొర్లిపోతున్నాయి, గంట అయిపోవస్తోంది. నేను లేచాను.

అణచివేత అంటే ఎవరో కొరడా పట్టుకుని నిలబడతారని మనం అనుకుంటాం. నేనూ అలాగే రాసేదాన్ని. చాలా ఇళ్లలో అది పేపరు చదువుకుంటూ కూర్చుని ఉంటుంది. మంచిదే, నెమ్మదైనదే, అడిగితే ఔనంటుంది కూడా.

బడి, ముగ్గురికి వంట, మీటింగులకు వచ్చి మా ఇంట్లో భోంచేసే మిత్రులు, తోట, వాంతులు. ఇలా రెండు వారాలు గడిచాయి. అవ్వ గోడ అవతల బండ మీద కూర్చుని ఆకు నములుతూ అంతా చూసేది. ఒక ఆదివారం, ఇంట్లో అందరం ఉన్నప్పుడు, వెనక తలుపులోంచి వచ్చి నేరుగా మా అత్తగారి ముందు కూర్చుంది.

"ఒదినె, మీ ఆంధ్రా దిక్కు ఎట్లనో నాకు తెల్వదు. మా దిక్కు కడుపుతోని ఉన్న పిల్ల నిండు బిందె ఎత్తి గుమ్మడికి నీళ్లు పొయ్యది. పోస్తె తీగ ఎనక్కి తిరుగుతది."

"వెనక్కి తిరగడం అంటే ఏవిటి వదినగారూ?" అన్నారు అత్తగారు.

"ఎనక్కంటె ఎనక్కే. ముందుకు పాకిన తీగ మల్ల మొదలు దిక్కే ఒస్తది. పిందె నిల్వది. ఇంటి మగోడే పొయ్యాలె. పిల్ల దూరం కూసొని చూడాలె."

ఇక్కడ మా క్యాంపుల మనుషుల సంగతి ఒకటి తెలియాలి. మా పెద్దవాళ్లు గోదావరి వదిలి ఈ నేల మీదికి వచ్చినప్పుడు భూములు కొనుక్కున్నారు, కాలువ నీళ్లు పెట్టుకున్నారు, వరి పండించారు. కానీ ఈ ఊరి దేవతలు, ఈ ఊరి పట్టింపులు తమకు తెలియవని ఒక బెదురు లోపల ఉండిపోయింది. మనది కాని నేల, దాని శాస్త్రం ఏమిటో అని. అందుకే ఇక్కడివాళ్లు ఎవరైనా 'మా దిక్కు ఇట్ల' అంటే మా వాళ్లు ఎదురు చెప్పరు. అవ్వకు ఈ సంగతి బాగా తెలుసు.

మా ఆయన నవ్వాడు. నాస్తికుడు కదా. అయినా పేపరు మడిచి లేచాడు. "అమ్మ భయపడుతోంది, పోనీలే" అన్నాడు. ఆ వారమంతా ఆయనే నీళ్లు మోశాడు. మొదటిరోజు సగం నీళ్లు సందులోనే పోశాడు. సమానత్వం మీద గంటన్నర ఆపకుండా మాట్లాడగల మనిషికి బిందె చంకన నిలబెట్టుకోవడం చేతకాలేదు. అయినా మోశాడు.

మరి నేనేం చెయ్యాలి? హాయిగా దూరం కూర్చుని చూడాలి. చూడలేకపోయాను. నా ఇంట్లో, నా కళ్లముందు, గర్భిణి మీద ఒక మూఢనమ్మకం అమలవుతుంటే నాకు నిద్ర పట్టలేదు. తర్వాతి ఆదివారం అవ్వ వచ్చినప్పుడు అందరి ముందూ అడిగాను. తీగకు నా కడుపు సంగతి ఎవరు చెబుతారు? బిందె ఎత్తింది మగవాడా ఆడదా అని వేరుకు ఎలా తెలుస్తుంది? మొక్క వెలుతురు వైపు ఎందుకు తిరుగుతుందో, పిందె ఎందుకు రాలుతుందో, గర్భవతి నీడ, బహిష్టు నీడ అంటూ ఆడవాళ్లను పంటకు దూరం చేసిన చరిత్ర ఏమిటో, అరగంట చెప్పాను. బాగా చెప్పాను. ఇప్పుడు తలుచుకున్నా ఎక్కడా తప్పు దొరకదు.

అవ్వ ఆకు నమలడం ఆపి నా వైపు చూసింది. "నీకు బాగ మాట్లాడ ఒస్తది బిడ్డా" అని లేచి వెళ్లిపోయింది.

మా ఆయన మురిసిపోయాడు. కాలేజీలో నలుగురికీ చెప్పుకున్నాడు కూడా. అత్తగారు మాత్రం, "నీకే నమ్మకం లేనప్పుడు ఇంక మేవేం చెప్పగలం అమ్మాయ్" అని ముఖం తిప్పుకుని వంటింట్లోకి పోయారు. హమ్మయ్య, కొడుక్కి పని తప్పింది అనుకున్నారేమోనని నేను అనుకున్నాను. ఈ మాట గుర్తుంచుకోండి.

మర్నాడు నల్లా వచ్చింది. పేపరు తెరుచుకుంది. నేను గుంతలోకి వంగాను.

పది రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం బడిలో పాఠం చెబుతుంటే రక్తం కనిపించింది. ఆటోలో ఆస్పత్రికి పోయేదాకా నేను ఏ దేవుడినీ తలుచుకోలేదు, తలుచుకునే అలవాటు లేదు. కానీ గుంతలో వదిలేసిన బిందె ఒకటి కళ్లముందు ఊగుతూనే ఉంది. డాక్టరమ్మ చాలాసేపు చూసి, "గుండె కొట్టుకుంటోంది" అంది. ఎవరి గుండె అని అడిగాను, అంత మతి పోయింది నాకు. మూడు రోజులు ఉంచుకుని, మంచం దిగొద్దని చెప్పి పంపింది.

ఇంటికి వచ్చిన మర్నాడు అవ్వ జొన్నరొట్టె, పుంటికూర పప్పు పట్టుకొచ్చింది. మా ఆయన కాలేజీకి పోయాడు, అత్తగారు స్నానానికి పోయారు. మంచం పక్కన కింద కూర్చుని, రొట్టె తుంచి నా చేతిలో పెడుతూ మెల్లగా అంది.

"వాదం నువ్వు గెల్చినవు. బిందె గుడ నీకే ఒచ్చె."

నేను రొట్టె ముక్క పప్పులో అద్దుకున్నాను.

"ఆ శాస్త్రం లేదు బిడ్డా. నేనే కట్టిన. సుమ్నె, ఉత్తగనే."

లేచి కూర్చోబోతే భుజం పట్టి ఆపింది. అబద్ధం చెప్పావా అవ్వా అన్నాను. నిజం చెబితే పోయేది కదా అన్నాను. నాకు ఏడుపూ కోపమూ కలిసి వస్తున్నాయి.

"నిజం డాక్టరమ్మ చెప్పె గద. నువ్వు గుడ చెప్తివి. ఎవరన్న లేసిన్రా?"

దీనికి జవాబు వెతుకుతూ ఇన్నేళ్లలో చాలా వ్యాసాలు రాశాను, ఇంకా దొరకలేదు. నమ్మిన నిజానికి లేవని మనిషి, నమ్మని అబద్ధానికి లేచాడు. మా ఆయన చెడ్డవాడని నేను అనడం లేదు. న్యాయం అడిగితే అది భార్య అడిగినట్టు ఉంటుంది. పట్టింపు అంటే అది లోకం అడిగినట్టు ఉంటుంది. లోకం అడిగితే లేవడంలో మగవాడికి చిన్నతనం లేదు.

ఆ రోజే అవ్వ తన సంగతి ఒకటి చెప్పింది. మళ్లీ ఎప్పుడూ చెప్పలేదు. బజారు ఇంట్లో నల్లా లేని రోజులు. నీళ్లకు బాయి. తొలి కడుపు, ఏడో నెలలో, బాయి గట్టు మీదనే పోయింది. "మా అత్త ఉరికొచ్చి బిందె చూసె. సొట్ట పోలె, మంచిదాయె అన్నది." ఇంకో రొట్టె ముక్క తుంచి, "నాకు ఎవ్వరు కట్టలె బిడ్డా గిట్లాంటి శాస్త్రం. ఉన్న శాస్త్రాలన్ని పని చేపిచ్చెటియే ఉండె" అంది.

ఆ సాయంత్రం అత్తగారి ముందూ మా ఆయన ముందూ నేను ఒక ప్రకటన చేశాను. రాయచూరు శాస్త్రం ప్రకారమే నడుచుకుందాం, నాకేమీ అభ్యంతరం లేదు అన్నాను. మా ఆయన నా నుదుటి మీద చెయ్యి వేసి జ్వరం ఉందేమోనని చూశాడు.

ఇక అక్కడినుంచి అవ్వ ఆగలేదు. వారానికొక కట్టుబాటు. మిట్టమధ్యాహ్నం కడుపుతో ఉన్నవాళ్ల నీడ వంగచెట్టు మీద పడితే కాయలో పురుగు పడుతుందట. కాబట్టి సెలవు రోజుల్లో రెండు గంటలు నేను లోపల పడుకోవాలి. కలుపు తీసేటప్పుడు కింద కూర్చోకూడదు, పీట ఉండాలి, ఆ పీటను ఇంకొకరు జరపాలి. ఏ చెట్టు తొలికాయ అయినా ముందు కడుపుతో ఉన్న మనిషే తినాలి, లేకపోతే రెండో పూత రాలిపోతుంది. ఈ చివరిది చెప్పినప్పుడు నేను దుప్పటి కప్పుకుని నవ్వాను. ఎందుకంటే మా ఇంట్లో లేత బెండకాయ వేపుడు ఎప్పుడూ కొడుకు కంచంలోకే పోయేది. ఆ రోజునుంచి నా కంచంలోకి రావడం మొదలైంది. అత్తగారు వడ్డిస్తూ, "శాస్త్రం, ఏం చేస్తాం" అనేవారు కొడుకుతో.

నేను మంచం దిగాక కూడా తోట నాదే. ఏది ఎక్కడ వెయ్యాలో, పందిరి ఎప్పుడు కట్టాలో, ఏ కొమ్మ తుంచాలో నేను పీట మీద కూర్చుని చెప్పేదాన్ని. మా ఆయన చేసేవాడు. ఐదో నెలలో చిక్కుడు పందిరి కట్టాడు, అది ఆరో నెలలో కూలింది, మళ్లీ కట్టాడు. ఏడో నెలకల్లా బిందె చంకన పెట్టుకుని నీళ్లు తొణకకుండా నడవడం వచ్చింది. వీధిలో మగవాళ్లు ఎగతాళి చేస్తే, "మా దగ్గర శాస్త్రం అండీ" అని చాలా బాధగా ముఖం పెట్టేవాడు. ఆ నెలల్లో ఆయన్ను నేను మనసులో సహచరుడు అనడం మొదలుపెట్టాను. సాయంత్రాలు నేను పీట మీద, అత్తగారు గుమ్మంలో, అవ్వ గోడ మీద గడ్డం ఆనించి, ముగ్గురం ఆయన నీళ్లు పొయ్యడం చూసేవాళ్లం. "జరా మొదట్ల పొయ్యి నాయనా, ఆకు మీద గాదు" అని అవ్వ అరిచేది. నా జీవితంలో నేను అంత తృప్తిగా కూర్చున్నది ఇంకెప్పుడూ లేదు. నోట్లో మాత్రం అరగంట ఉపన్యాసం ఒకటి రోజూ తిరుగుతూ ఉండేది. మింగేదాన్ని.

చలికాలంలో అమ్మాయి పుట్టింది. ఆ ఏడు గుమ్మడికాయలు పదకొండు కాశాయి. అత్తగారు ప్రతి కాయనూ వీధిలో అందరికీ చూపించి, శాస్త్రం తప్పకుండా పాటించాం అని చెప్పుకున్నారు.

అసలు గొడవ తర్వాత మొదలైంది. ఐదారేళ్లకు సింధనూరు దగ్గర ఒక క్యాంపులో ఏదో శుభకార్యానికి పోయాం. అక్కడ నాకు బొత్తిగా తెలియని ఒకావిడ ఒక కుర్రభర్తను గదమాయిస్తోంది. "మన రాయచూరు జిల్లా శాస్త్రం బాబూ. కడుపుతో ఉన్న పిల్ల నిండుబిందె ఎత్తితే పాదు వెనక్కి తిరుగుద్ది. నువ్వే పొయ్యాలి." మా అత్తగారి నోట, ఆవిడ చుట్టాల నోట, అది ఎన్ని క్యాంపులు తిరిగిందో! మూఢనమ్మకాలను పీకుతూ తిరిగిన నేను, నా పెరట్లోంచి ఒకదాన్ని విత్తి ఊళ్లమీదికి వదిలాను.

తిరిగొచ్చి నేరుగా గోడ దగ్గరికి పోయి అవ్వకు ఫిర్యాదు చేశాను. ఆమె దగ్గు వచ్చేదాకా నవ్వింది. కళ్లు తుడుచుకుని ఒకటే అడిగింది.

"లేసిండా వాడు?"

లేచాడు అన్నాను.

"మరి?"

మరి అంటే ఏమిటి అవ్వా అని నేను మొదలుపెట్టాను. ఇవాళ మేలు చేసిన కట్టుబాటు రేపు మెడకు చుట్టుకుంటుంది. గర్భిణి పాదు దగ్గరికే రాకూడదని ఇంకొకడు అంటాడు, నీ మాటనే సాక్ష్యం తెస్తాడు. ఆడదాని విశ్రాంతి ఆమె హక్కు, అది పొందడానికి గుమ్మడికాయ పూచీ ఎందుకు? ఇప్పటికీ నా వాదం ఇదే. ఒక్క అక్షరం మార్చుకోలేదు. అవ్వ అంతా విని, "అప్పుడు నువ్వు లెక్చరియ్యి. ఎవరు ఒద్దన్నరు? నీ హక్కు ఒచ్చెదాంక పిల్ల బిందె మొయ్యాల్నా?" అంది. ఆమె తొందర ఆమెది. నెలలు నిండుతుంటే చరిత్ర కోసం ఆగలేని తొందర.

ఈ వాదం మేం ఏడాదికొకసారైనా చేసుకునేవాళ్లం. మొన్న వానల ముందు కూడా చేసుకున్నాం. ఆమె చూపు మసకబారింది. గోడ మీద పెట్టిన మెంతికూరను వేళ్లతో తడిమి గుర్తుపట్టేది. మనవడి భార్యకు నెల తప్పిందని చెబుతూ, "వాడు ఫోన్ల పడ్డడు బిడ్డా. పాత శాస్త్రం తియ్యాలె" అని నవ్వింది. తీసేలోపే పోయింది.

మూడోరోజు వాళ్లింటి నిండా చుట్టాలు. గబ్బూరు నుంచి అవ్వ చెల్లెలు వచ్చింది. బయట టెంటు కింద కుర్చీలు, మాటలు, టీలు. ఇప్పుడు మా వీధిలో నల్లా గుంతలో లేదు, బిందెలు మాత్రం అవే. వచ్చినవాళ్ల స్నానాలకూ వంటలకూ మనవడి భార్యే మోస్తోంది. ఆరో నెల. అందరి పనీ అయ్యాక ఇంకో బిందె నింపింది. అవ్వ గుమ్మడి పాదుకు మూడు రోజులుగా నీళ్లు లేవు, ఆకులు వేలాడుతున్నాయి, చూడలేకపోయిందట. మనవడు కుర్చీలో కూర్చుని ఫోన్లో వచ్చిన పరామర్శలకు జవాబులు కొడుతున్నాడు.

నేను ముందు నిజమే చెప్పాను. ఆ మాట గట్టిగా రాసుకోండి. "ఆరో నెల అమ్మాయి, బరువులు మోయించకండి, ప్రమాదం" అని అందరికీ వినపడేలా అన్నాను. అవునవును, పాపం, నిజమే అన్నారు. నలుగురు ఆ పిల్లవైపు జాలిగా చూశారు. ఎవరూ లేవలేదు. పిల్ల బిందె చంకకు ఎత్తుకుంది.

"గుమ్మడి పాదుకు..." అని మొదలుపెట్టాను. అవ్వ మాట నా నోట్లో పూర్తికాలేదు.

నా పక్కన ప్లాస్టిక్ కుర్చీలో మా అత్తగారు ఉన్నారు. చేతికర్ర నేలకు ఆనించి, తాపీగా అందుకున్నారు. "కడుపుతో ఉన్న పిల్ల నిండుబిందె ఎత్తి గుమ్మడికి పొయ్యకూడదు బాబూ. తీగ వెనక్కి తిరుగుద్ది. పురుడయ్యేదాకా ఇంటి మగవాడే పొయ్యాలి. పురుడయ్యాక కూడా ఇంకో మూణ్ణెల్లు."

గబ్బూరు చెల్లెలు తలెత్తింది. "మా గబ్బూరుల గిట్ల లేదే?"

అత్తగారు తొణకలేదు. "గబ్బూరులో లేదేమో అండీ. ఇది రాయచూరు శాస్త్రం. మీ అక్కగారే నాకు చెప్పారు."

చెల్లెలు కొంగుతో ముక్కు తుడుచుకుని, "అక్క చెప్పిందంటె ఉంటది" అంది. తర్వాత మనవడి వైపు తిరిగి, "ఏందిరా కూసున్నవు, లే" అంది. వాడు ఫోను జేబులో పెట్టుకుని లేచాడు.

ఇంటికి వస్తూ అత్తగారిని అడిగాను. పురుడయ్యాక మూడు నెలలు అన్నది అవ్వ ఎప్పుడూ చెప్పలేదు కదా అత్తయ్యా అన్నాను.

"మర్చిపోయి ఉంటారు" అన్నారు.

గడప ఎక్కేటప్పుడు నా చెయ్యి పట్టుకుని ఆగారు. "గోదావరి గట్టున పుట్టినదాన్ని. గుమ్మడి తీగ ఎటు పాకుద్దో నాకు తెలీదా అమ్మాయ్? నేను లెమ్మంటే వాడు లేచేవాడా? వదినగారు చెబితే లేచాడు. నువ్వేమో ఉపన్యాసం చెప్పి చెడగొట్టావు." చెయ్యి వదిలి లోపలికి పోయారు.

మొదటిరోజు నుంచీ తెలుసన్నమాట. ఆ ఆదివారం ముఖం తిప్పుకున్నది సంతోషంతో కాదన్నమాట. పదిహేనేళ్లు ఒకే పెరట్లో ముగ్గురం ఒక అబద్ధాన్ని కాపాడుకుంటూ వచ్చాం. అందులో ఇద్దరికి ఆ సంగతి ఒకరి గురించి ఒకరికి తెలిసే ఉంటుంది. తెలియంది సంఘాన్ని చదివి విప్పిచెప్పే నాకు.

హేతువాద మిత్రులు కోప్పడతారు, తెలుసు. ఉత్తరాలు రాయండి. మీ వాదం సరైనదే, నాదీ అదే. రాసేటప్పుడు ఒకసారి లేచి, మీ ఇంట్లో నీళ్లు ఎవరు మోస్తున్నారో చూసి వచ్చి రాయండి.

ఈ పొద్దున గోడ దగ్గరికి పోయాను. అవ్వ లేని గోడ ఖాళీగా ఉంటుందనుకున్నాను. దాని మీద గుప్పెడు మెంతికూర ఉంది, వేర్లకు మట్టి ఇంకా తడిగా ఉంది. అవతల మనవడి భార్య అవ్వ బండ మీద కూర్చుని, పొట్ట మీద చెయ్యి వేసుకుని చూస్తోంది. మనవడు బిందె చంకన పెట్టుకుని, సగం నీళ్లు లుంగీ మీద పోసుకుంటూ పాదు వైపు నడుస్తున్నాడు. గుమ్మడి తీగ వాళ్ల వైపు నుంచి గోడ ఎక్కి, నులితీగ ఒకటి చాపి, మా పెరట్లోకి దిగడానికి పట్టు వెతుక్కుంటోంది. నేను మెంతికూర తీసుకుని, ఆ చోట కరివేపాకు రెమ్మ పెట్టాను.

"మొదట్ల పొయ్యి నాయనా" అన్నాను. "ఆకు మీద గాదు."